బిల్ బారిల్కో

కెనడా దేశమున హాకీని గడ్డకట్టిన నీటిపై ఆడుదురు. ఆటగాండ్రు ఇనుప అంచుగల జోళ్లతో జాఱుచు, నల్లని రబ్బరు బిళ్లను కఱ్ఱలతో కొట్టుదురు. వెనుక నిలిచి గోలును కాచువారి శ్రమ చూపరుల కంటికంతగా ఆనదు. అట్టి రక్షకులలో నొకడు బిల్ బారిల్కో.

ఇతడు 1927 సం॥ మార్చి 25వ తేదీన, బంగారు గనులకు పేరొందిన టిమ్మిన్సు పట్టణమున జన్మించెను. 1947 ఫిబ్రవరిలో టొరాంటో మేపుల్ లీఫ్సు జట్టున చేరెను. ఆ జట్టు ఆ యేడును, 1948, 1949లలోను స్టాన్లీ కప్పును గెలిచెను. ఎదిరివారిని దేహముతో ఢీకొని నిలువరించుటయే ఇతని నేర్పు. గోలు కొట్టుట అరుదు.

1951 ఏప్రిల్ 21న మాంట్రియలు జట్టుతో జరిగిన అయిదవ ఆట, ముందలి నాలుగింటివలెనే, గడువులో తేలక అదనపు కాలమునకు పోయెను. అప్పుడు బారిల్కో తన చోటు విడిచి ముందునకుఱికి, పడిపోవుచునే బిళ్లను గోలులోనికి కొట్టెను. గురి తప్పియున్నచో అందఱును అతనినే నిందించియుందురు. కప్పు టొరాంటోకు దక్కెను.

ఆ ఆగస్టు 26న, ఉత్తరమున చేపలు పట్టి, మిత్రుడైన దంతవైద్యుడు నడపు చిన్న విమానములో తిరిగివచ్చుచు, ఇతడు అదృశ్యుడయ్యెను. వయస్సు 24 ఏండ్లు. ఎన్నో విమానములు వెదకినను జాడ దొరకలేదు. ఇంటివారికి సమాధియైనను లేదు, నిశ్చయమును లేదు.

1962 ఏప్రిల్‌లో, 1951 తరువాత మొదటిసారిగా, టొరాంటో మరల కప్పును గెలిచెను. ఆ జూన్‌లో కాక్రేను పట్టణమునకు ఉత్తరమున, దట్టమైన అడవిలో విమాన శకలములును అస్థులును కనబడెను. బారిల్కోను టిమ్మిన్సునకు తెచ్చి సమాధి చేసిరి.