మహమ్మద్ రఫీ - పాటల లెక్క

మహమ్మద్ రఫీ మొత్తం ఎన్ని పాటలు పాడారు? క్విజ్ పోటీలలో తరచుగా వినవచ్చే ప్రశ్న ఇది. 28 వేలు అని చెప్పిన విద్యార్థికి మార్కులు కూడా పడుతుంటాయి. ఆ అంకె సరియైనది కాదు. కాని దాని వెనుక ఒక మనిషి మనస్సు దాగి ఉన్నది.

రఫీ 1924వ సంవత్సరం డిసెంబరు 24వ తేదీన అమృతసర్ సమీపంలోని కోట్లా సుల్తాన్ సింగ్ గ్రామంలో జన్మించారు. బాల్యంలో, వీధులలో పాడుతూ తిరిగే ఒక ఫకీరు వెంట నడుస్తూ ఆ పాటను అనుకరించేవారని చెబుతారు. తరువాత కుటుంబం లాహోరు చేరింది. అక్కడ తండ్రి క్షౌరశాల నడిపేవారు. రఫీ సంగీతం అభ్యసించి, 1944లో బొంబాయి చేరారు. దేశ విభజన జరిగినప్పుడు లాహోరుకు మరలిపోక ఇక్కడనే నిలిచిపోయారు.

1952లో విడుదలైన 'బైజూ బావ్‌రా'తో ఆయన పేరు ఊరూరా మారుమ్రోగింది. ఆ చిత్రంలో మాల్కౌంస్ రాగంలో ఒక హరిభజన ఉన్నది. మన కర్ణాటక సంప్రదాయంలో దీనికి సన్నిహితమైన రాగం హిందోళం. రచన షకీల్ బదాయూనీ, స్వరకల్పన నౌషాద్, గానం రఫీ. ముగ్గురూ ముస్లిములే. నేడు మనం దీనిని ఒక విశేషంగా చెప్పుకొంటున్నాము గాని, ఆ ముగ్గురికీ అది నిత్యం చేసే పనియే.

1960వ దశాబ్దం ఆయనకు స్వర్ణయుగం. దిలీప్ కుమార్‌కు ఒక గొంతు, షమ్మీ కపూర్‌కు ఒక గొంతు, జానీ వాకర్‌కు మరొక గొంతు, అన్నీ ఆ ఒక్క కంఠంలోనే ఉండేవి. 1967లో పద్మశ్రీ లభించింది. అంతకు కొన్నేళ్ళ మునుపు, ఆ దశాబ్దం తొలి సంవత్సరాలలో ఒక వివాదం తలెత్తింది. పాట రికార్డు అమ్ముడుపోయినంత కాలం గాయకులకు కూడా రాయల్టీలో వాటా రావాలని లతా మంగేష్కర్ వాదించారు. పాడినందుకు ప్రతిఫలం పుచ్చుకొన్నాక ఆ పాటపై తనకు హక్కు లేదని రఫీ భావించారు. కొన్నేళ్ళపాటు ఇద్దరూ కలిసి పాడలేదు. రఫీ నిరాపేక్షను అందరూ మెచ్చుకొంటారు. నేనూ మెచ్చుకొంటాను. అయినను, న్యాయం లతాగారి పక్షాన ఉన్నదని చెప్పక తప్పదు. గొంతు మూగబోయిన నాడు గాయకుని కుటుంబానికి మరొక ఆధారమేమున్నది? 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించి, గాయకుల రాయల్టీ హక్కును గుర్తించారు.

1969లో హిందీ 'ఆరాధన' వచ్చింది. అందులో రఫీ పాటలున్నా, కిశోర్ కుమార్ ప్రభంజనం దానితోనే మొదలైంది. రఫీకి అవకాశాలు తగ్గాయి. విచిత్రమేమిటంటే, 1976లో వచ్చిన తెలుగు 'ఆరాధన'లో ఎన్.టి. రామారావు గారికి పాడినది రఫీయే. పేరు ఒకటే గాని కథ వేరు. ఇది 1970 నాటి హిందీ 'గీత్'కు తెలుగు రూపం. అంతకు మునుపే, 1969లో 'భలే తమ్ముడు'లో ఆయన రామారావు గారికి పాడి ఉన్నారు. 1979లో 'అక్బర్ సలీం అనార్కలి' వచ్చింది. దానికి పాటలు వ్రాసినవారు ఉర్దూ మాధ్యమంలో చదువుకొన్న సి. నారాయణరెడ్డి గారు. రఫీ తెలుగులో కొన్ని అక్షరాలు పరాయివిగా వినిపించే మాట నిజమే. తెలుగు అధ్యాపకునిగా నా చెవి వాటిని పట్టుకొంటుంది. పాట సగమయ్యేసరికి ఆ పట్టు తనంతట సడలిపోతుంది.

ఇక ఆ అంకె సంగతి. అత్యధికంగా పాటలు రికార్డు చేసినవారు లతాయని, 25 వేల పైచిలుకని 1974లో గిన్నిస్ గ్రంథం ప్రకటించింది. డబ్బులో వాటా అడగని రఫీ దీనికి మాత్రం ఊరుకోలేదు. తాను అంతకంటె ఎక్కువ పాడానని 1977లో వారికి లేఖ వ్రాశారు. ఆయన పేరిట 28 వేల అంకె ఆ గ్రంథంలోకి ఎక్కేసరికి ఆయన జీవించి లేరు. 36 సంవత్సరాలలో 28 వేలు కావాలంటే, పండుగలు కూడా మానక దినానికి రెండు పాటలకు పైగా పాడాలి. 1991లో ఇద్దరి అంకెలనూ తొలగించారు. రికార్డులు వెదకి కూర్చినవారి లెక్క ప్రకారం రఫీ పాటలు సుమారు 5 వేలు. ఐదు వేలు తక్కువా! అవకాశాలు తగ్గిన సంవత్సరాలు ఆయన మనస్సును ఎంత నొప్పించాయో ఆ లేఖ తెలుపుతున్నదని నా అభిప్రాయం. ఆ 1977లోనే 'హమ్ కిసీసే కమ్ నహీఁ' పాటకు జాతీయ బహుమతి వచ్చింది. ఆ చిత్రం పేరుకు అర్థం, మేము ఎవరికీ తీసిపోము అని.

1980 జులై 31వ తేదీన, రంజాన్ మాసంలో, గుండెపోటుతో మరణించారు. వయస్సు 55. మరునాడు జోరువానలో వేలాది జనం జుహూ శ్మశానవాటికకు తరలివచ్చారు. స్థలం చాలక 2010లో అక్కడి పాత సమాధులను తొలగించారు. వాటిలో ఆయనదీ ఒకటి. ఆయన ఖననమైన చోటు వెదుక్కొంటూ వచ్చే అభిమానులకు ప్రక్కనున్న కొబ్బరిచెట్టే గుర్తు.