కప్పు మీద పేరున్న మనిషి

పూల్ ఆటని టీవీలో చూసే అలవాటున్నవాళ్ళకి మోస్కోనీ కప్ గురించి నేను చెప్పక్కర్లేదు. లేనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఒకవైపు అమెరికా, మరోవైపు యూరప్. ఆడేది నైన్-బాల్. గోల్ఫ్‌లో రైడర్ కప్ ఉంది కదా, ఆ పద్ధతిలోనే 1994లో ఇంగ్లండ్‌లో మొదలుపెట్టారు. పూల్ అంటే నిశ్శబ్దంగా ఆడే ఆట అనుకునేవాళ్ళు ఇది చూస్తే ఆశ్చర్యపోతారు. పాటలు, ఈలలు, మొహాలకి రంగులు, అవతలి జట్టువాడు గురి తప్పితే కేకలు... అచ్చం మన ఊరి కబడ్డీ పోటీల సందడే!

మా మిత్రులం నలుగురైదుగురం ఏడాది చివర్లో దీన్ని వదలకుండా చూస్తాం. నేను అమెరికా పక్షం. 2010 నుంచి 2017 దాకా వరసగా ఎనిమిదేళ్ళు యూరప్ గెలిచింది కాబట్టి ఆ రోజుల్లో నా పరిస్థితి ఏమిటో మీరే ఊహించుకోండి. మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య మా వాదన మాత్రం ప్రతి ఏడూ ఒకటే. ఆ కప్పు మీద పేరున్న పెద్దమనిషి ఇప్పుడుంటే ఈ కుర్రాళ్ళ ముందు నిలబడేవాడా? నాకు ఆ ప్రశ్న కంటే ఇంకోటి ఆసక్తిగా ఉంటుంది. ఆయన ఈ గోలలో అసలు కూర్చునేవాడా?

విల్లీ మోస్కోనీ 1913లో ఫిలడెల్ఫియాలో పుట్టాడు. ఇటలీ నుంచి వచ్చిన కుటుంబం. తండ్రికి సొంత పూల్ హాల్ ఉండేది. అయినా కొడుకు ఆ టేబుల్ దగ్గరికి పోవడం ఆయనకి ఇష్టం లేదు. బంధువుల్లో కొందరు రంగస్థలం మీద నాట్యంతో పేరు తెచ్చుకున్నవాళ్ళు. కొడుకు కూడా ఆ దారిలో పోవాలని ఆయన కోరిక. అందుకని బంతులు దాచేసేవాడు. పిల్లవాడు ఊరుకున్నాడా? వంటింట్లోంచి గుండ్రటి బంగాళాదుంపలు ఏరుకొచ్చి, చీపురు కర్రతో రాత్రిపూట సాధన చేసేవాడు! కథ వింటుంటే మన ఇళ్ళే గుర్తొస్తాయి. పూల్ కాదు సరే, క్యారమ్స్ బోర్డు అటక మీద పెట్టేసిన నాన్నగారు మనలో ఎంతమందికి లేరు?

కొడుకు చేతిలో ఏదో ఉందని తెలిశాక తండ్రి మనసు మార్చుకుని ప్రదర్శనలకి తిప్పాడు. ఆరేళ్ళ వయసులో, అప్పటి మహా ఆటగాడు రాల్ఫ్ గ్రీన్‌లీఫ్‌తో ఒక ప్రదర్శన మ్యాచ్ ఆడించారు. ఓడిపోయాడు గానీ జనం నోళ్ళలో పడ్డాడు. తర్వాత కొంతకాలానికే విసుగొచ్చి ఆట మానేశాడు. మళ్ళీ క్యూ పట్టించింది ఆట మీద ప్రేమ కాదు, ఆర్థిక మాంద్యం. ఇల్లు గడవాలి, ఉద్యోగాలు లేవు, చేతిలో ఉన్న విద్య ఇదొక్కటే. 1933లో బ్రన్స్‌విక్ కంపెనీ ఆయన్ని తీసుకుని, అదే గ్రీన్‌లీఫ్‌తో ఊరూరా తిప్పి వందకి పైగా మ్యాచ్‌లు ఆడించింది. ఎదుటివాడి ఆట అంత దగ్గర నుంచి అన్ని రోజులు చూడ్డం అంటే, మన భాషలో గురుకులవాసమే.

ఇక్కడ ఆట గురించి కొంచెం చెప్పాలి. ఆయన ఆడింది నైన్-బాల్ కాదు, స్ట్రెయిట్ పూల్. ఏ బంతినైనా ఏ పాకెట్‌లోకైనా కొట్టొచ్చు, కానీ ముందే చెప్పి కొట్టాలి. బంతికి ఒక పాయింటు. పదిహేనింటిలో పద్నాలుగు పడ్డాక ఆ పద్నాలుగింటినీ మళ్ళీ త్రికోణంలో పేరుస్తారు. మిగిలిన ఆ ఒక్క బంతిని పాకెట్ చేస్తూ, అదే దెబ్బతో తెల్ల బంతి వెళ్ళి పేర్చినవాటిని చెదరగొట్టాలి. అంటే పద్నాలుగో బంతి పడేసరికి ఆ ఆఖరి బంతీ, తెల్ల బంతీ సరైన చోట ఆగి ఉండాలి. నాలుగైదు దెబ్బల ముందు నుంచే లెక్క వేసుకోవాలి. నైన్-బాల్‌లో అదృష్టానికి కొంచెం చోటుంది, చెప్పకుండా పడ్డ బంతి కూడా చెల్లుతుంది. స్ట్రెయిట్ పూల్‌లో అది కుదరదు. ఈ ఆటలో ఆయన 1941 నుంచి 1957 మధ్య 15 సార్లు ప్రపంచ టైటిల్ గెలిచాడు. 1956లో పక్షవాతం వచ్చింది. కోలుకుని వచ్చి మళ్ళీ గెలిచాడు.

1954 మార్చి 19న ఒహాయోలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఒక మామూలు ప్రదర్శన మ్యాచ్. ఆట 200 పాయింట్లకి. ఆయన 200 దాటాక కూడా ఆపలేదు, చివరికి వరసగా 526 బంతులు కొట్టాడు. పద్నాలుగు చొప్పున లెక్కేస్తే 37 సార్లకి పైగా పేర్చి పేర్చి చెదరగొట్టడం! రెండు గంటలకి పైగా ఒక్కటీ తప్పలేదు. చూసినవాళ్ళు సాక్షి సంతకాలు కూడా పెట్టారు. అది టోర్నమెంట్లలో వాడే 9 అడుగుల టేబుల్ కాదు, 8 అడుగులదని మా మిత్రుడు ప్రతిసారీ పాయింటు లాగుతాడు. నిజమే. పోనీ 8 అడుగుల టేబుల్ మీద మన పది బంతులు వరసగా పడనీ, అప్పుడు మాట్లాడదాం.

ఇంత చేసిన మనిషికి ఒకటే బాధ. పూల్ అంటే పొగ నిండిన గది, జూదం, మోసం అని జనంలో ముద్ర. మన సినిమాల్లోనూ క్లబ్బులో క్యూ పట్టుకున్నవాడు మంచివాడైన సందర్భాలు తక్కువే కదా. మోస్కోనీ దాన్ని చెరపాలని చూశాడు. సూటు, టై, శుభ్రమైన ప్రవర్తన, కుటుంబాలు వచ్చి చూడగలిగే ఆట, ఇదీ ఆయన పట్టుదల. అలాంటి మనిషి 1961లో ‘ది హస్లర్’ సినిమాకి సాంకేతిక సలహాదారుగా పనిచేశాడు. పాల్ న్యూమన్‌కి క్యూ పట్టడం నేర్పింది ఆయనే. కొన్ని కష్టమైన దెబ్బల్లో తెర మీద కనిపించే చేతులూ ఆయనవే. సినిమా పందెం జూదరుల గురించి, అది సూపర్ హిట్ అయింది, పూల్ హాళ్ళు మళ్ళీ నిండాయి. ఆట బతికింది. ఆయన చెరపాలనుకున్న ముద్ర మాత్రం ఇంకా గట్టిపడింది.

ఆ సినిమాలో మిన్నెసోటా ఫ్యాట్స్ అనే పాత్ర ఉంది. రుడాల్ఫ్ వాండరోన్ అనే లావుపాటి జూదరి, ఆ పాత్ర నా మీదే రాశారంటూ ఆ పేరే పెట్టేసుకున్నాడు. నవలా రచయిత కాదన్నా వినలేదు. ఒక్క ప్రపంచ టైటిల్ కూడా లేని అతను కబుర్లతోనే దేశమంతా తెలిసిపోయాడు. మోస్కోనీకి ఒళ్ళు మండిపోయేది. 1978 ఫిబ్రవరి 14న ఇద్దరికీ న్యూయార్క్ వాల్డార్ఫ్ అస్టోరియా హోటల్లో పోటీ పెట్టి ఏబీసీ ఛానెల్లో చూపించారు. లక్షలాది మంది చూశారు. అప్పటికి 64 ఏళ్ళ మోస్కోనీ సులువుగానే గెలిచాడు. ఆ వీడియో నేను చాలాసార్లు చూశాను. ఫ్యాట్స్ నోరు మూయడు, హాలంతా నవ్వులు. ఈయన మొహం బిగించుకుని బంతులు కొట్టుకుంటూ పోతాడు. స్కోరు ఈయనది, జనం అతనిది. నాకైతే ఆ ఆట చూస్తుంటే గెలిచినవాడి మీదే జాలి వేస్తుంది. కాస్త నవ్వి ఉంటే ఏం పోయేది అని కూడా అనిపిస్తుంది, కానీ నవ్వితే ఆయన మోస్కోనీ కాదు.

1993 సెప్టెంబరులో ఆయన పోయాడు. మరుసటి ఏడే కప్పు మొదలైంది, ఆయనది కాని ఆటతో, ఆయనకి నచ్చని సందడితో. ఒక రకంగా ఫ్యాట్స్ కోరుకునే హాలది. అయితే ఆ కేకల వల్లే ఇవాళ మాలాంటివాళ్ళు ఆయన పేరు పలుకుతున్నారన్నదీ నిజమే.

అన్నట్టు, ఆ 526 రికార్డు 65 ఏళ్ళు నిలిచింది. 2019లో జాన్ ష్మిట్ అనే అమెరికన్ 626 కొట్టాడు. 2022 జనవరిలో అదీ పోయింది, 714. కొట్టింది జేసన్ షా, స్కాట్లండ్ వాడు. మోస్కోనీ కప్‌లో యూరప్ జట్టు తరఫున మా అమెరికా వాళ్ళ దుంప తెంచేది ఇతగాడే. వాళ్ళిద్దరూ రికార్డు కోసమే కూర్చుని రోజుల తరబడి ప్రయత్నించారు, మోస్కోనీది మామూలు ఆటలో వచ్చింది అని నేనంటాను. వాళ్ళది 9 అడుగుల టేబుల్ కదా అని మా మిత్రుడంటాడు. ఈలోగా తర్వాతి మ్యాచ్ మొదలవుతుంది.