యంత్రమునకు విద్య గరపిన శామ్యూల్

విశ్వవిద్యాలయము విద్యకు పుట్టినిల్లు. పరిశ్రమ దానికి మెట్టినిల్లు. ఈ రెండిండ్ల నడుమ జీవితమంతయు గడిపి, మెషీన్ లెర్నింగ్, అనగా యంత్రాభ్యసనము, అను శాస్త్రమునకు బాటవేసిన వారిలో ఆర్థర్ లీ శామ్యూల్ ముఖ్యుడు.

శామ్యూల్ 1901వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన అమెరికాలోని కాన్సస్ రాష్ట్రమందలి ఎంపోరియా పట్టణమున జన్మించెను. అచటి కళాశాలలో చదివి, పిమ్మట మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున 1926లో పట్టము పొంది, కొంతకాలము అచటనే బోధించెను. 1928లో బెల్ టెలిఫోను ప్రయోగశాలలో చేరెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున రాడారునందు ఒకే ఏంటెనా సంకేతములను పంపుటకును గ్రహించుటకును పనికివచ్చునట్లు ఒక నాళికను రూపొందించెను.

1946లో ఆయన ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. అచట కంప్యూటరును నిర్మింపవలెనని సంకల్పించెను గాని, తగిన ధనము లేకపోయెను. చెకర్స్ ఆట ఆడు యంత్రమును చూపినచో జనుల దృష్టి ఆకర్షింపబడి ధనము లభించునని ఆయన తలచెను. ఆ పని తలచినంత సులభము కాలేదు. అచటి కంప్యూటరు పూర్తికాక మునుపే, 1949లో, ఆయన ఐ.బి.ఎం. సంస్థలో చేరెను. తలపు విశ్వవిద్యాలయమున పుట్టినది. దానిని నెరవేర్చు యంత్రము పరిశ్రమలో దొరకినది.

చెకర్స్ గళ్ళబల్లపై ఇరువురు ఆడు ఆట. మన పులిజూదములో పులి మేకపై నుండి దుమికి దానిని చంపునట్లే, ఇందును కాయ ఎదిరి కాయపై నుండి దుమికి దానిని చంపును. ప్రతి సందర్భమునకు తగిన ఎత్తును యంత్రమునకు ముందుగా చెప్పిపెట్టుట మానవసాధ్యము కాదు. అందుచే శామ్యూల్ ఎత్తులు చెప్పుట మాని, నేర్చుకొను విధానమును చెప్పెను. కాయలెన్ని మిగిలినవి, అవి ఎచ్చట నున్నవి మొదలగు అంశములకు యంత్రము విలువలు కట్టి ఎత్తు వేయును. ఆట సాగినకొలది ఆ విలువలను తానే దిద్దుకొనును. ప్రోగ్రాము యొక్క ఒక ప్రతి మరియొక ప్రతితో ఆడుచు సాధన చేసెను.

1956లో ఈ ఆటను టెలివిజనులో ప్రదర్శించిరి. ఎనిమిది లేక పది గంటల ఆటతో యంత్రము తనను సృష్టించిన వానికంటె బాగుగా ఆడగలదని శామ్యూల్ 1959లో ప్రకటించెను. శిష్యుని చేతిలో ఓడుట గురువునకు కీర్తియే కదా!

ఆటకై ఇంత శ్రమయేల యని కొందరికి తోచవచ్చును. కాని, లెక్కలు కట్టుటకే గాక తర్కించుటకును ఉపయోగపడు ఆజ్ఞలు ఐ.బి.ఎం. కంప్యూటర్లలో చేరుటకు ఆయన కృషియే కారణమయ్యెను. ఇతరులును వానిని అనుసరించిరి.

1962లో రాబర్ట్ నీలీ అను నిపుణునిపై యంత్రము ఒక ఆట గెలువగా లోకము అబ్బురపడెను. అయినను తరువాత ప్రపంచస్థాయి ఆటగాండ్రతో తలపడి ఓడిపోయెను. శామ్యూల్ గెలుపునకు పొంగలేదు, ఓటమికి క్రుంగలేదు. యంత్రము నేర్వవలసినది ఇంకను కలదని గ్రహించి, తన విధానమును మెరుగుపరచుచునే యుండెను.

1966లో ఉద్యోగ విరమణానంతరము ఆయన విశ్రాంతి కోరక, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు వెడలెను. పరిశ్రమలో గడించిన అనుభవమును అచటి విద్యార్థులకు పంచెను. ఎనుబది యేండ్లు దాటిన పిమ్మటను కంప్యూటరు ముందు కూర్చుండి ప్రోగ్రాములు వ్రాసెను. పుస్తకముల అచ్చుకూర్పునకు ఉపయోగపడు టెక్ అను విధానమును క్రొత్తవారు నేర్చుటకై ఒక పొత్తమును రచించెను. 1990 జూలై 29వ తేదీన పరమపదించెను.

పుట్టినిల్లును మెట్టినిల్లును చల్లగా నున్నప్పుడే ఆడపడుచు వర్ధిల్లును. విద్యయు అట్టిదే. యంత్రమునకు నేర్చుకొనుట నేర్పిన శామ్యూల్, కడవరకు తానును విద్యార్థిగనే నిలిచెను.