సవరబిడ్డలకు బడి పెట్టిన గిడుగువారు

మన గ్రంథాలయ పాఠకులలో గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి పేరెరుగనివారుండరు. వ్యావహారిక భాషోద్యమ నాయకులుగా వారిని స్మరింతుము; వారి జన్మదినమే తెలుగు భాషాదినోత్సవము. అయినను మన కొండలలోని సవరబిడ్డల చదువునకై వారు పడిన పాట్లు తెలిసినవారు కొందరే. (గ్రాంథికముతో పోరాడిన మహనీయుని చరిత్రను గ్రాంథికముననే వ్రాయుచున్నందుకు వారి ఆత్మ మమ్ము మన్నించుగాక!)

పంతులుగారు 1863 ఆగస్టు 29వ తేదీన శ్రీముఖలింగమునకు చేరువనున్న పర్వతాలపేటలో జన్మించిరి. బాల్యముననే తండ్రిని కోల్పోయి, విశాఖపట్టణమున మేనమామగారి యింట చదువుకొని, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులైరి.

పర్లాకిమిడి చుట్టునున్న కొండలయందును, మనకు చేరువనే యున్న సీతంపేట కొండలయందును సవరలు నివసింతురు. వారి భాష తెలుగునకుగాని ఒడియాకుగాని చుట్టము కాదు, ముండా భాషలలోనిది. ఆనాడు దానికి లిపి లేదు, బడిపుస్తకము లేదు. సవర బాలుడు బడికి వచ్చినను గురువు మాట అతనికి తెలియదు, అతని మాట గురువునకు తెలియదు. బడి పక్కనే యున్నను అతనికి దూరమే. పంతులుగారు ఈ చిక్కును కనిపెట్టి, తెలుగు వచ్చిన సవర నొకనిని ఇంట నుంచుకొని, ఆయనయొద్ద శిష్యులై ఆ భాష నేర్చిరి. పిమ్మట వాచకములు వ్రాసి, సొంత ధనముతో బడులు పెట్టి, సవరబిడ్డలకు సవరభాషలోనే చదువు చెప్పించిరి. 1911లో మద్రాసు ప్రభుత్వమువారు ఆ పుస్తకములను అచ్చొత్తించి పారితోషికమీయజూపగా, తమకు వలదనియు, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టింపుడనియు కోరిరి. బడిపంతులు జీతముపై సంసారమీడ్చినవారికి ఆ సొమ్ము చేదా?

మన్యమున తిరుగుటచే జ్వరము సోకెను. దానికై వాడిన క్వినైనువలన చెవుడు వచ్చెను. చెవితో విని భాష పట్టిన మనిషికి ఇంతకంటె కష్టమేమి? అయినను పని మానలేదు. కుమారులు సీతాపతిగారు తోడు నిలిచిరి. 1931లో సవర వ్యాకరణమును, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును వెలువడినవి.

తెలుగుబిడ్డల విషయమునను వారి వాదమిదియే. నోట పలుకు భాష ఒకటి, పుస్తకమున చదువు భాష మరొకటియైనచో పేదవాని బిడ్డకు అక్షరమబ్బదని వారి నమ్మకము.

1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరగా, మనసు నొచ్చి రాజమహేంద్రవరమునకు తరలిపోయిరి. 1940 జనవరి 22వ తేదీన కీర్తిశేషులైరి.

అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో నేర్పవలెనను నియమము 1956లో రాజ్యాంగమున చేరినది. మన రాష్ట్రమున సవర మున్నగు 8 గిరిజన భాషలలో బడిచదువు 2004 ప్రాంతమున మొదలైనది. పంతులుగారి వాచకములు అచ్చయి అప్పటికి 90 ఏండ్లు దాటినవి.