చిన్నపడవకు మోటారు అమర్చిన ఓలే ఎవిన్రూడ్

నదిలోనైనా, సముద్రంలోనైనా పడవ నడిపే మానవునికి తరతరాలుగా ఉన్న ఆధారాలు మూడే: గడ, తెడ్డు, తెరచాప. ఆవిరియంత్రం వచ్చి పెద్ద ఓడల రూపురేఖలను మార్చివేసిన తరువాత కూడ చిన్నపడవ స్థితి మారలేదు. గాలి అనుకూలించనినాడు దానిని నడపవలసినవి మనిషి భుజాలే. ఆ భుజాల భారాన్ని తగ్గించిన యంత్రశిల్పులలో ముఖ్యుడు ఓలే ఎవిన్రూడ్.

ఆయన నార్వే దేశంలో, యోవిక్ పట్టణ ప్రాంతంలో 1877 ఏప్రిల్ 19వ తేదీన జన్మించాడు. ఐదేండ్ల ప్రాయంలో కుటుంబంతో అమెరికా చేరి, విస్కాన్సిన్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జి గ్రామం వద్ద పెరిగాడు. బడిచదువు ఎంతోకాలం సాగలేదు. పదహారవ ఏట మాడిసన్ నగరానికి పోయి వ్యవసాయ యంత్రాల దుకాణంలో పనికి కుదిరాడు. తీరిక వేళలలో ఇంజనీరింగు గ్రంథాలను తనంత తానే చదువుకున్నాడు. పిమ్మట పిట్స్‌బర్గు, చికాగో నగరాలలోని కర్మాగారాలలో పనిచేసి, మిల్వాకీలో స్థిరపడ్డాడు.

1906లో ఆయన బెస్ కేరీ అనే యువతిని వివాహమాడాడు. వారిద్దరినిగూర్చి ఒక కథ ప్రచారంలో ఉన్నది. ఒక వేసవి దినాన సరస్సు ఒడ్డున విహరిస్తూ ఆమె ఐస్‌క్రీము కోరిందట. ఆయన ఆవలి ఒడ్డుకు తెడ్డు వేసుకొనిపోయి, కొని, తిరిగి వచ్చేసరికి అది కాస్తా కరగిపోయిందట. మోటారు ఊహ ఆనాడే పుట్టిందని చెబుతారు.

పడవ వెనుక తగిలించే మోటార్లు అంతకుముందే లేకపోలేదు. డెట్రాయిట్ నగరంలో కామెరాన్ వాటర్‌మన్ అటువంటి మోటారును అప్పటికే రూపొందించాడు. కాని సామాన్యుడు నమ్మి కొనదగిన మోటారును సిద్ధం చేసి, విరివిగా వాడుకలోనికి తెచ్చిన ఘనత ఎవిన్రూడ్‌ది. ఆయన తొలి నమూనా బెస్ కంటికి కాఫీగింజలు విసిరే మరవలె కనిపించిందట. 1909లో అమ్మకం ప్రారంభమైంది. 1911లో పేటెంటు లభించింది. ఆ మోటారు బరువు 62 పౌన్లు, శక్తి ఒకటిన్నర అశ్వబలం. నిలువుగా దిగిన ఇరుసు నీటి అడుగున పండ్లచక్రాల ద్వారా చిన్న పంకాను త్రిప్పుతుంది. పైనున్న తొట్టిలోని పెట్రోలు సన్నని రంధ్రం గుండా కార్బ్యురేటరులో ప్రవేశించి, గాలితో కలిసి మండుతుంది. ఆ రంధ్రంలో ఒక ఇసుకరేణువు చిక్కుకున్నా యంత్రం ఆగిపోవలసిందే. ఈ విషయాన్ని మనం తిరిగి తలచుకొనవలసి ఉంటుంది.

కర్మాగారంలో యంత్రాల పని భర్తది. ఉత్తరప్రత్యుత్తరాలు, ప్రకటనలు, లెక్కలు భార్యవి. వ్యాపారం ఊహించనంతగా పెరిగింది. దానితోపాటు బెస్ ఆరోగ్యం క్షీణించింది. అప్పుడు ఎవిన్రూడ్ చేసిన నిర్ణయం ఆయన జీవితంలో గమనింపదగినది. తన పేరుతో వర్ధిల్లుతున్న సంస్థలోని భాగాన్ని 1914 ప్రాంతంలో భాగస్వామికి అమ్మివేశాడు. ఐదేండ్లపాటు ఆ వ్యాపారంలో మరల దిగనని ఒప్పందం కూడ చేసుకున్నాడు. భార్యను, కుమారుడు రాల్ఫ్‌ను వెంటబెట్టుకొని దేశసంచారానికి బయలుదేరాడు.

ఆ విరామం వృథా కాలేదు. ఇనుముకు బదులు అల్యూమినియమును విశేషంగా వాడి, రెండు సిలిండర్లతో కొత్త మోటారును రూపొందించాడు. దాని బరువు 48 పౌన్లు, శక్తి మూడు అశ్వబలాలు. బరువు తగ్గింది, బలం రెట్టించింది. పాత సంస్థ దానిని స్వీకరించకపోగా, దంపతులు 1921 నాటికి ఎల్టో అనే పేరుతో మరొక సంస్థను నెలకొల్పారు. 1929లో పాత సంస్థా, కొత్త సంస్థా ఒకే గొడుగు క్రిందికి వచ్చాయి. 1933లో బెస్ మరణించింది. మరుసటి ఏడు 1934 జూలై 12వ తేదీన ఎవిన్రూడ్ కూడ కన్నుమూశాడు. ఆయన పేరుతో మోటార్ల తయారీ 2020 దాకా సాగి, ఆగిపోయింది.

పేరు ఆగినా, ఆ మోటారు జాతి ఆగలేదు. మన ఆంధ్రతీరంలో ఫైబరు పడవలపై వేటకు పోయే జాలరులలో అనేకులు వాడేవి ఈ కోవకు చెందిన మోటార్లే. ఇక్కడనే మనం ఆ సన్నని రంధ్రాన్ని తలచుకోవాలి. నేలమీద బండి ఆగితే దిగి నడవవచ్చు; ఒడ్డు కనుమరుగైన తరువాత మోటారు ఆగితే పడవ గాలికీ, అలకూ వశమైపోతుంది. అట్లా ఆగడానికి గల కారణాలలో తరచు కనిపించేది మలినమైన ఇంధనం. తొట్టిలో తుప్పు రాలుతుంది. తేమ చేరి నీరవుతుంది. నీరు పెట్రోలుకంటె బరువైనది కనుక అడుగుకు దిగి, అక్కడినుండి మోటారులోనికి పోతుంది.

దీనిని నిరోధించేది తొట్టికీ మోటారుకూ నడుమనుండే ఫిల్టరు. దాని సంరక్షణ కష్టమైనది కాదు. మోటారును ఆపి, నిప్పు దరిచేరనీయకుండ, ఫిల్టరు గిన్నెను విప్పి చూడాలి. అడుగున నీరుంటే పారబోయాలి. వడపోత వలతో చేసినదైతే శుభ్రపరచవచ్చు. కాగితపుదైతే తయారీదారు చెప్పిన గడువులో మార్చవలసిందే. రబ్బరు వలయం చిట్లిందేమో పరీక్షించాలి. తిరిగి బిగించిన పిమ్మట గొట్టం మీది రబ్బరు బుడ్డిని నొక్కి ఇంధనాన్ని నింపి, ఎక్కడైనా కారుతున్నదేమో చూచిన తరువాతనే మోటారును త్రిప్పాలి. దూరం పోయే పడవలో మరొక ఫిల్టరు ఉండడం మేలు.

యంత్రాలలో గొప్పవాటిని కనిపెట్టినవారి చరిత్రలు చదివే విద్యార్థులు ఒక సంగతి గమనించాలి. కనిపెట్టినవాని పని ఒకనాటితో ముగుస్తుంది. వాడుకొనేవాని పని ప్రతిదినమూ ఉంటుంది. ఎవిన్రూడ్ పడవవాని చేతినుండి తెడ్డు భారాన్ని తగ్గించాడు. బయలుదేరే ముందు ఫిల్టరును విప్పి చూచే బాధ్యత మాత్రం ఆ చేతిదే.