శిలాన్వేషకుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్

వాగులో రంగురాయి కనబడినచో వంగి తీసికొనని బాలుడుండడు. జేబులో వేసికొని ఇంటికి తెచ్చును. నాలుగు దినములకు అది ఎక్కడ దొరకినదో మరచును. ఇట్టి మరపునకు తావీయక, ఏరిన రాతికెల్ల దాని తావును వ్రాసియుంచి, దక్షిణదేశ చరిత్రకు క్రొత్త మొదలు చూపిన మహనీయుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్.

ఆయన 1834వ సంవత్సరమున ఇంగ్లండునందలి చెల్టెనాము పట్టణమున జన్మించెను. 1858లో మన దేశపు భూగర్భ పరిశోధనశాఖలో చేరి చెన్నపట్టణమునకు వచ్చెను. శిలల పొరలను పరిశీలించి పటములు వ్రాయుట ఆయన ఉద్యోగము. అతిప్రాచీన మానవులు చెక్కిన రాతిపనిముట్లు ఐరోపాలోని నదుల కంకరలో దొరకుచున్నవని ఆయన చదివియుండెను. అంత పాతవి మన దేశమున నున్నవని అప్పటికి ఎవ్వరును ఎరుగరు.

1863 మే 30వ తేదీన చెన్నపట్టణము చెంతనున్న పల్లావరమున, ఎఱ్ఱని కంకర గుంటలో, ఆయనకొక రాయి కనబడెను. అది రత్నము కాదు. దానికి మెరుపును లేదు. అయినను ఆయన దానిని విడువలేదు. నీటిలో దొర్లిన రాయి గుండ్రనగును. మనుష్యుడు కొట్టిన రాతిపై పెచ్చులూడిన గుంటలు వరుసగా నుండి అంచు పదునెక్కును. ఈ భేదమును ఆయన కన్ను పట్టెను. అదే సంవత్సరము సెప్టెంబరులో తోటి ఉద్యోగి విలియం కింగుతో కలిసి అత్తిరంపాక్కమున అట్టి పనిముట్లను పెక్కింటిని కనుగొనెను. ఆ గ్రామము మన తడకు దక్షిణముగా, ఒక్క దినములో పోయి రాదగినంత దూరముననే యున్నది. అక్కడి పనిముట్లలో మిక్కిలి పాతవి సుమారు 15 లక్షల సంవత్సరముల నాటివని 2011లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అంతటి ప్రాచీనతను ఫుట్ ఊహించియుండడు.

నాటి కర్నూలు మండలమునందలి బిల్లసర్గము గుహలను కూడ ఆయన పరిశోధించెను. అచ్చటి త్రవ్వకములను ఆయన కుమారుడు హెన్రీ కొనసాగించెను. 1891లో ఉద్యోగము విరమించిన పిమ్మటను ఫుట్ రాళ్లను విడిచిపెట్టలేదు. నాలుగువందలకు పైగా స్థలములనుండి ఆయన సేకరించిన వేలకొలది వస్తువులను 1904లో చెన్నపట్టణపు ప్రభుత్వ మ్యూజియము కొనెను. 1912లో ఆయన మరణించిన తరువాత వాని పట్టికలు అచ్చుపడెను. ప్రతి వస్తువునకును దొరకిన తావు తెలిసియుండుటచేతనే నేటి పరిశోధకులు మరల ఆ స్థలములకు పోగలుగుచున్నారు.

విద్యార్థులారా! మన పొరుగుననున్న సత్యవేడు పేరిట శాస్త్రజ్ఞులు ఒక శిలాసముదాయమునే పిలుచుచున్నారు. అందు గులకరాళ్లు కోకొల్లలు. వానిలో మీకు నచ్చిన రాయి కనబడినపుడు, కదల్పకముందే దాని ఫోటో తీయుడు. ఊరు, తేదీ వ్రాసికొనుడు. చెక్కిన పనిముట్టని తోచినచో తావును విడిచి తేక, తెలిసినవారికి చెప్పుడు. రంగు కంటికి ఇంపు. కాని తావు మరచిన రాయి మూగది.