కోటో విద్వాంసుడు మియాగి మిచియో

జపాను దేశపు ప్రాచీన వాద్యములలో కోటో ముఖ్యమైనది. ఆరడుగుల పొడవుగల కొయ్యపై 13 తంత్రులు బిగించి, ప్రతి తంత్రి క్రిందను జరుపుటకు వీలైన గుర్రమును నిలిపి, వ్రేళ్లకు తొడిగిన గోళ్లతో దానిని మీటుదురు. పూర్వము ఈ విద్య అధికముగా అంధ విద్వాంసుల యధీనమున నుండెను. గురువు మీటగా శిష్యుడు విని నేర్చుటయే గాని వ్రాతకు ప్రాధాన్యము లేదు. అందుచే గురువుతోపాటు ఆయన యెరిగిన సంగీతము కూడ గతించు ప్రమాదముండెడిది. ఇట్టి సంప్రదాయమున పెరిగి, దానికి నూతన జీవము నొసగినవాడు మియాగి మిచియో.

ఆయన 1894 ఏప్రిల్ 7వ తేదీన కోబె నగరమున జన్మించెను. పసితనముననే నేత్రవ్యాధి సోకి, ఎనిమిదేండ్ల ప్రాయమున చూపు పోయెను. ఆ దురదృష్టమే ఆయనను కోటో గురువు కడకు చేర్చెను. 1907లో, పదమూడవ యేట, ఆ బాలుడు కొరియాలోని ఇంచన్ పట్టణమున నున్న తండ్రి కడకు పోయి, సంగీతపాఠములు చెప్పి కుటుంబపోషణకు తోడ్పడెను. తమ్ముడు పాఠ్యపుస్తకమును చదువుచుండగా, నీరు మంచుగను, మేఘముగను, వర్షముగను మారు విధమును వర్ణించు పద్యములు ఆయన చెవిని బడెను. వానినే 1909లో తన తొలి కృతిగా కూర్చెను.

1917లో టోక్యో చేరిన పిమ్మట ఆయన పాశ్చాత్య సంగీతమును శ్రద్ధగా విని, అందలి మేలును స్వదేశ వాద్యమునకు తెచ్చెను. కోటోకు మంద్రస్వరముల కొరత యున్నదని గ్రహించి, 1921లో 17 తంత్రుల పెద్ద కోటోను చేయించెను. పూర్వాచారపరులు కొందరు ఆక్షేపించినను ఆయన వెనుదీయలేదు. కోటోకును, షకుహాచి యను వెదురు వేణువునకును 1929లో వ్రాసిన వసంత సముద్రము అను కృతి ఆయనకు శాశ్వత కీర్తి నార్జించెను. 1932లో ఫ్రెంచి వయొలిన్ విదుషి రెనె షెమె, వేణువు భాగమును తన వాద్యమున పలికించి ఆయనతో కలసి రికార్డు చేయగా, ఆ కృతి విదేశములకును ప్రాకెను.

1956 జూన్ 25వ తేదీ తెల్లవారుజామున, కచేరీకై ఓసాకాకు పోవుచు, కరియా స్టేషను సమీపమున రైలునుండి జారిపడి ఆయన మరణించెను. అప్పటికాయన వయస్సు 62 సంవత్సరములు.

హఠాత్తుగా గురువు పోయినను విద్య పోలేదు. తన కృతులను స్వరలిపిలో ప్రకటించు నలవాటు ఆయనకు ముందునుండియు నుండెను. అయినను తంత్రిని నొక్కుటలోని సున్నితము, విరామము నందలి నిండుతనము కాగితమున కెక్కునవి కావు. ఆ భారమును శిష్యులు వహించిరి. మియాగికై యను వారి సంఘము ఆయన బాణీని పాఠముల ద్వారాను, కచేరీల ద్వారాను తరతరములకు అందించుచున్నది. టోక్యోలో ఆయన నివసించిన చోట 1978లో స్మారక మందిరము వెలసెను.

నేటికిని నూతన సంవత్సర దినములలో జపానంతటను వసంత సముద్రము వినబడుచుండును. వ్రాసియుంచిన స్వరము, దానిని పలికించు శిష్యుడు, ఈ రెండును కలసినప్పుడే సంగీతము నిలుచునని మియాగి జీవితము చాటుచున్నది.